మ్యూజియానికి తీసుకెళ్లి పౌరశాస్త్రం చెప్పడం ఎలా?

పిల్లలను మ్యూజియానికి తీసుకెళ్తే చరిత్ర పాఠం దానంతటదే సాగిపోతుందని, పౌరశాస్త్రం మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని తోటి సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు ఏటా దసరా సెలవులు ముగియగానే నన్ను అడుగుతూ ఉంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు, నేను అనుసరించే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాద్‌వి. ఆంధ్రప్రదేశ్‌లోని పాఠశాలలకు పనికొచ్చేవి కూడా మధ్యమధ్యలో ఇచ్చాను. ఎనిమిది నుంచి పది తరగతుల వారిని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఆరు, ఏడు తరగతుల వారికైతే రెండో అడుగు, ఏడో అడుగు తేలిక చేసుకోవాలి.

ఈ పద్ధతికి ఆధారం ఒక్కటే. మ్యూజియంలోని వస్తువుల కంటే ముందు మ్యూజియాన్నే పిల్లలు చదవాలి. ఇది ఎవరిది, ఏ చట్టం కింద నడుస్తోంది, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, లెక్క ఎవరికి చెప్పాలి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు వెతికిన పిల్లవాడికి ప్రభుత్వం అంటే ఏమిటో సగం తెలిసినట్లే. ఆ తర్వాత అవే ప్రశ్నలను లోపలి నాణేలకు, శాసనాలకు వేయించవచ్చు.

కావలసినవి

• నలభై మందికి మించని తరగతి, ఆరుగురు పిల్లలకు ఒక పెద్ద. ఆడపిల్లలు ఉంటే ఉపాధ్యాయిని తప్పనిసరి.
• తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, ప్రధానోపాధ్యాయుల ద్వారా పై అధికారుల అనుమతి, మ్యూజియానికి పాఠశాల లెటర్‌హెడ్‌పై రాసిన లేఖ.
• కేంద్ర, రాష్ట్రాల మధ్య అధికారాలను మూడు జాబితాలుగా పంచే రాజ్యాంగం ఏడో షెడ్యూలు నుంచి నాలుగు అంశాల నకలు: కేంద్ర జాబితాలో 62, 67, రాష్ట్ర జాబితాలో 12, ఉమ్మడి జాబితాలో 40.
• జట్టుకొక పది రూపాయల నోటు, ఒక రూపాయి నాణెం.
• ఒకే పేజీ పనిపత్రం, రాసుకోవడానికి అట్ట, పెన్సిల్. ప్రదర్శన వస్తువుల దగ్గర పెన్ను కంటే పెన్సిల్ మేలు.
• పర్యటనకు ముందు రెండు పీరియడ్లు, తర్వాత రెండు పీరియడ్లు. ఈ నాలుగు పీరియడ్లు దొరకకపోతే పర్యటనను వాయిదా వేసుకోండి. అవి లేకుండా వెళ్తే అది విహారయాత్ర మాత్రమే అవుతుంది.

1. మ్యూజియాన్ని యజమానిని బట్టి ఎంచుకోండి

సాధారణంగా మనం ఏ మ్యూజియంలో ఎక్కువ వింతలు ఉన్నాయో చూసి ఎంచుకుంటాం. పౌరశాస్త్రానికి ఆ కొలత పనికిరాదు. హైదరాబాద్‌లో పక్కపక్కన పెట్టి చూపదగిన మూడు మ్యూజియాలు ఉన్నాయి.

మొదటిది సాలార్‌జంగ్ మ్యూజియం. ఒకప్పటి హైదరాబాద్ దివాన్ మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో వారసులు లేకుండా మరణించారు. ఆయన కళావస్తువుల సేకరణను 1951 డిసెంబరు 16న ఆయన నివాసమైన దివాన్ దేవ్డీలో నెహ్రూ ప్రజల కోసం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దీనిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో ఇది మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. ఒక కుటుంబపు ఆస్తి దేశపు ఆస్తిగా ఎలా మారుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దగ్గర్లో లేదు. ఇది కేంద్ర జాబితాలోని 62వ అంశం కిందికి వస్తుంది.

రెండోది నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం. రాష్ట్ర ప్రభుత్వం నడిపేది కాబట్టి రాష్ట్ర జాబితాలోని 12వ అంశం. మూడోది పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం. దీనిని నడిపేది ప్రభుత్వం కాదు, ఒక ట్రస్టు. ఏడో నిజాం రజతోత్సవంలో అందిన వెండి జ్ఞాపికలు, నగర భవనాల నమూనాలు ఇందులో ఉన్నాయి. 2018లో ఇక్కడ బంగారు టిఫిన్ డబ్బా చోరీ అయినప్పుడు దర్యాప్తు చేసినది మాత్రం నగర పోలీసులే. ఆస్తి ట్రస్టుది, భద్రత రాష్ట్రానిది ఎందుకు అయిందని అడగండి. పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని 2వ అంశమని పిల్లలే వెతికి చెబుతారు.

మూడూ ఒకే రోజు చూపించాలని ప్రయత్నించవద్దు. ఒకదానికి తీసుకెళ్లి, మిగిలిన రెండింటి గురించి తరగతిలో పోల్చి చెప్పండి. విశాఖపట్నం వారికి నగరపాలక సంస్థ పేరుతో ఏర్పడిన విశాఖ మ్యూజియం ఉంది. స్థానిక స్వపరిపాలన పాఠానికి అది సరిగ్గా సరిపోతుంది. విజయవాడ వారికి బాపు మ్యూజియం ఉంది. 1921లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య తన జెండా నమూనాను గాంధీజీకి అందించింది విజయవాడలోనే. ఈ భవనానికి ఆ సమావేశాలతో సంబంధం ఉంది. ఆ నమూనా నుంచి 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండా వరకు ఏం మారింది, ఆ మార్పును నిర్ణయించే అధికారం ఎవరికి ఉంది అన్న ప్రశ్న ఒక్కటి చాలు, పీరియడ్ మొత్తం నడిచిపోతుంది. గుంటూరు, పల్నాడు వైపు వారికి అమరావతి, నాగార్జునకొండ ఉన్నాయి. ఆ రెండు చోట్లా మ్యూజియం నడిపేది భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ, అంటే కేంద్రం.

2. ఒక్క ప్రశ్నను నిర్ణయించుకోండి

పాఠ్యపుస్తకంలోని అధ్యాయాలన్నీ ఒక పర్యటనలో కుదించాలని చూడవద్దు. ఈ కింది వాటిలో ఒకటే తీసుకోండి: అధికారాల విభజన ఎలా ఉంది? పన్ను వేసే హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రజల ఆస్తిని ఎవరు కాపాడాలి? చట్టం ఎలా పుడుతుంది?

చివరి ప్రశ్నకు మన భాషే ఒక తలుపు తెరిచి పెట్టింది. రాతి మీద చెక్కిన దానినీ శాసనం అంటాం, చట్టసభ చేసే దానినీ శాసనం అంటాం. ఆ సభనే శాసనసభ అంటాం. పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో రాతి శాసనాలు చూసిన పిల్లలు బయటికి వచ్చి పక్కనే ఉన్న శాసనసభ భవనాన్ని చూస్తారు. ఒకప్పుడు అది టౌన్‌హాలు. మొదటి శాసనాన్ని ఒక్కరు చేశారు, రెండో దానిని 119 మంది సభ్యుల ఓటుతో చేస్తున్నారు. మొదటి దానిని మార్చాలంటే కొత్త రాజు రావాలి, రెండో దానిని మార్చాలంటే ఏం చేయాలి? ఈ ప్రశ్నను మీరు చెప్పేయకుండా గేటు దగ్గర నిలబడి పిల్లల చేత అడిగించగలిగితే ఆ రోజు పాఠం అయిపోయినట్లే. శాసనసభ లోపలికి వెళ్లాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. అది దొరకదేమోనన్న అనుమానం ఉంటే, బయటి నుంచి చూసే విధంగానే పథకం వేసుకోండి.

3. మీరు ముందుగా ఒక్కరే వెళ్లి రండి

ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. నేను కూడా మొదటిసారి వదిలేశాను. డెబ్బై మంది పిల్లలతో, నాలుగు పేజీల ఖాళీలు పూరించే పనిపత్రంతో సాలార్‌జంగ్‌కు వెళ్లాను. మేము రెండో గదిలో ఉండగా పన్నెండు కావస్తోందని ఎవరో అన్నారు. అంతే, గంట కొట్టే గడియారం వైపు పిల్లలందరూ పరుగెత్తారు. గడియారంలోని గడ్డపు మనిషి బయటికి వచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లేవరకు నా మాట వినడానికి ఒక్కరూ లేరు. తర్వాత అరగంట నేను పిల్లలను లెక్కపెట్టుకుంటూ గడిపాను. తప్పు పిల్లలది కాదు. ఆ గడియారాన్ని నేను పథకంలో వేసుకోలేదు, అంతే.

ఇప్పుడు దానిని విరామంగా వాడుకుంటున్నాను. పదకొండింటికో పన్నెండింటికో ఐదు నిమిషాల ముందే అందరినీ అక్కడ కూర్చోబెట్టి, గంట కొట్టాక పని మొదలుపెట్టిస్తాను.

ముందుగా వెళ్లినప్పుడు ఇవి రాసుకోండి: బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయి, వాటి మీద ఏ ప్రభుత్వం పేరు ఉంది, పౌర సమాచార అధికారి పేరున్న పలక ఉందా, మరమ్మతుల కోసం మూసిన గది ఏది, మరుగుదొడ్లు, తాగునీరు, బస్సు నిలిపే చోటు, చక్రాల కుర్చీ వెళ్లే దారి. సెలవు రోజు కూడా కనుక్కోండి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు. కొన్ని చోట్ల సోమవారం ఉంటుంది.

4. ముందు పీరియడ్లలో జాబితాలు చేతికివ్వండి

నాలుగు అంశాల నకలును జట్లకు పంచి, వాటిని చదివించండి. భాష కొంచెం గట్టిగా ఉంటుంది కాబట్టి సారాన్ని మీరు ఇలా చెప్పవచ్చు: కేంద్రం నిధులతో నడుస్తూ, పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం పొందిన సంస్థలు 62లో; పార్లమెంటు చట్టం ద్వారా లేదా దాని ప్రకారం జాతీయ ప్రాముఖ్యం పొందిన పురాతన కట్టడాలు 67లో; రాష్ట్రం నడిపే మ్యూజియాలు, మిగిలిన కట్టడాలు 12లో; మిగిలిన పురావస్తు స్థలాలు, శిథిలాలు ఉమ్మడి జాబితాలోని 40లో. దానికి తోడుగా రెండు అధికరణాలు చెప్పండి. జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలను, వస్తువులను కాపాడటం రాజ్యం బాధ్యత అని 49 చెబుతుంది. మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడటం పౌరుల విధి అని 51ఎ చెబుతుంది. సిద్ధాంతం ఇంతటితో ఆపేయండి.

మిగిలిన సమయంలో నోటు, నాణెం బయటికి తీయించండి. పది రూపాయల నోటు మీద సంతకం ఎవరిది? రిజర్వు బ్యాంకు గవర్నర్‌ది. రూపాయి నాణెం మీద ఎవరి పేరు ఉంది? మనిషి పేరు ఎక్కడా లేదు. సారనాథ్ సింహాలు, దేశం పేరు, విలువ, ఏడాది వంటివే ఉన్నాయి. దీనికి కారణం ఇప్పుడే చెప్పవద్దు. మ్యూజియంలో నాణేల గది చూశాక వాళ్లే చెబుతారు.

5. పనిపత్రం ఒక పేజీ దాటనివ్వవద్దు

పేజీలో మూడు భాగాలు ఉండాలి. మొదటిది గేటు దగ్గర పూర్తి చేసేది, రెండోది లోపల మూడు వస్తువుల గురించి, మూడోది ఒకే ఒక్క ప్రశ్న: ఇక్కడ మీకు అర్థం కానిది, మ్యూజియం వారిని అడగాలనుకున్నది ఏమిటి?

ఖాళీలు పూరించే ప్రశ్నలు ఒక్కటి కూడా పెట్టవద్దు. ఖాళీ కనబడితే పిల్లలు వస్తువును చూడరు, దాని పక్కనున్న వివరాల చీటీని చూసి ఎక్కిస్తారు. ఒక జట్టులో ఒకరు రాస్తే మిగిలిన ఐదుగురు వంగి నకలు దించుకుంటారు. దాని బదులు ప్రతి వస్తువుకూ ఈ నాలుగు ప్రశ్నలే వేయండి: దీనిని చేయించే అధికారం ఎవరిది? ఖర్చు ఎవరిది? దీనివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం? ఈ నిర్ణయం నచ్చని మనిషి ఆనాడు ఏం చేయగలిగేవాడు, ఈనాడైతే ఏం చేయగలడు?

6. గేటు దగ్గర ఇరవై నిమిషాలు

టికెట్లు తీసుకోగానే లోపలికి తోలవద్దు. జట్టుకొకటి చొప్పున టికెట్ ఇచ్చి, బోర్డు చూసి, ఇది ఎవరి మ్యూజియమో ఆధారంతో సహా రాయమనండి. ఆధారం లేని జవాబుకు మార్కు లేదని ముందే చెప్పండి.

ఒకసారి సాలార్‌జంగ్ గేటు దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు, ధర్మకర్తల మండలికి గవర్నర్ అధ్యక్షులు కాబట్టి ఇది రాష్ట్ర ప్రభుత్వానిది అని రాసింది. పక్క జట్టు అబ్బాయి బోర్డు మీద భారత ప్రభుత్వ సంస్కృతి మంత్రిత్వ శాఖ పేరు చూపించి కాదన్నాడు. ఇద్దరి ఆధారాలూ నిజమే. అక్కడే నిలబెట్టి పావుగంట మాట్లాడించాను. గవర్నర్‌ను నియమించేది రాష్ట్రపతి అనీ, ఈ మండలికి గవర్నర్ అధ్యక్షత వహించడం పార్లమెంటు చేసిన 1961 చట్టం అలా చెప్పినందువల్లనే అనీ తేలాక, ఆ అమ్మాయి తన జవాబును కొట్టేయకుండా దాని కిందే రెండో జవాబు రాసుకుంది. ఈ పొరపాటు దాదాపు ప్రతి తరగతిలోనూ వస్తుంది. దానిని నివారించవద్దు, రానిచ్చి సరిచేయండి.

7. లోపల మూడు వస్తువులే

ఏ మ్యూజియంలోనైనా మూడింటికి మించి పెట్టుకోవద్దు. మిగిలిన సమయంలో వాళ్లకు నచ్చినవి చూసుకోనివ్వండి; పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియానికి వెళ్తే పిల్లలు అక్కడి ఈజిప్టు మమ్మీని చూడకుండా ఇంటికి వెళ్లరు, వెళ్లనక్కర కూడా లేదు.

నాణేలు అన్నింటికంటే బాగా పనిచేస్తాయి. హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణెం ఉండేది. హాలీ సిక్కా అనేవారు. ఆ రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. కమాను మధ్యలో ఒక ఉర్దూ అక్షరం చిన్నగా కనబడుతుంది. అది మీమ్ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఐన్ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. అక్షరం వెతికి పట్టుకోమని చెప్పి, దొరికాక జేబులోని రూపాయిని పక్కన పెట్టి చూడమనండి. ఆ రూపాయి మీద పాలకుడి పేరు ఉంది, ఈ రూపాయి మీద ఎందుకు లేదు? అధికారం మనిషిదా, పదవిదా, ప్రజలదా అన్న మాట అక్కడ పుడుతుంది. నాణేల ముద్రణ, చలామణి ఇప్పుడు కేంద్ర జాబితాలోని 36వ అంశమని చెప్పి, రాష్ట్రాలకు సొంత నాణెం ఉండకూడదా అని అడిగితే ఇంకో చర్చ మొదలవుతుంది. సాతవాహనుల నాణేలు ఉన్నచోట వాటితో కూడా ఇదే పని చేయించవచ్చు.

శాసనాలకు వస్తే, పన్ను గురించిన శాసనం దొరికితే వదలవద్దు. బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే మునుపటి రాజులు సరుకంతా లాక్కునేవారని, తాము నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ వేయరాదు, వసూలు చేయరాదు అనే మన రాజ్యాంగం 265వ అధికరణాన్ని దీని పక్కన పెట్టి చదివించండి. రెండూ వర్తకుడికి భరోసా ఇస్తాయి. కాని ఒకటి రాజు దయ, రెండోది హక్కు. తర్వాతి రాజు ఆ మాట తప్పితే మోటుపల్లి వర్తకుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఇప్పుడైతే ఏ కోర్టుకు వెళ్లవచ్చు? మోటుపల్లి వెళ్లలేని వారు పాఠాన్ని తరగతిలోనే చదివించినా ఇబ్బంది లేదు.

మూడో వస్తువుగా రాజముద్రను తీసుకోండి. తెలంగాణ ముద్రలో కాకతీయ తోరణం, చార్మినార్ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 2018లో తీసుకున్న ముద్రలో అమరావతి శిల్పాల నుంచి వచ్చిన పూర్ణఘటం ఉంది. మ్యూజియంలోని శిల్పం ప్రభుత్వ కాగితం మీదికి ఎలా చేరింది, ఆ ఎంపిక చేసింది ఎవరు అని అడిగితే చాలు.

హెచ్చరికలు కొన్ని. రాళ్ల మీది అక్షరాలు స్పష్టంగా కనబడాలని సుద్ద, పసుపు, నీళ్లు రాయనివ్వవద్దు, రాయి పాడవుతుంది. ఫొటోలకు అనుమతి ఉందో లేదో ముందే తెలుసుకోండి. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 నాటి పరిణామాల ప్రస్తావన వస్తే ఇళ్లలో వినే మాటలు రకరకాలుగా ఉంటాయి; వాదనకు దిగకుండా, మ్యూజియంలో కనబడే కాగితం, నాణెం ఏం చెబుతున్నాయో అంతవరకే ఉండండి. ఈనాటి పార్టీల పేర్లు పిల్లలు ఎత్తితే పదవి పేరుతో మాట్లాడమని సరిదిద్దండి.

8. మర్నాడు ధర్మకర్తల సమావేశం

ఈ అడుగులోనే పిల్లలు ఎక్కువ నేర్చుకుంటారని నా అనుభవం. సాలార్‌జంగ్ చట్టం ధర్మకర్తల మండలిలో కేంద్రం, రాష్ట్రం, నగర మేయర్, విశ్వవిద్యాలయం, సాలార్‌జంగ్ కుటుంబం — ఇలా అన్ని వైపుల వారికీ చోటు ఇచ్చింది. ఆ పాత్రలను జట్లకు పంచండి. గవర్నర్ పాత్రధారి సభను నడుపుతారు. చర్చించే విషయం పిల్లలు స్వయంగా చూసినదై ఉండాలి. గడియారం దగ్గర రద్దీకి ఏం చేయాలి, టికెట్ ధర పెంచవచ్చా, తెలుగు చీటీలు లేని గదుల సంగతేమిటి — ఇలాంటివి.

ఇరవై ఐదు నిమిషాలు ఇవ్వండి. ఒకరు తీర్మానాల పుస్తకం రాయాలి. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఓట్లు ఎన్ని, వ్యతిరేకించిన వారు చెప్పిన కారణం ఏమిటి అన్నవి తప్పనిసరి. ఓడిన పక్షం కారణాన్ని పుస్తకంలో రాయించడం మరిచిపోవద్దు. మెజారిటీ వచ్చిందని చప్పట్లు కొట్టి ముగిస్తే, ఓడిన వారి మాటకు కూడా దస్తావేజులో చోటు ఉంటుందన్న సంగతి పిల్లలకు అందదు.

సమయం చాలకపోతే దీనికి ప్రత్యామ్నాయం ఉంది: రెండు జట్లను కేంద్రం, రాష్ట్రం అని విడదీసి, ఊళ్లోని పాత కోటను ఎవరు చూసుకోవాలో జాబితాలు చేతిలో పెట్టుకుని వాదించమనండి.

నేర్చుకున్నారో లేదో చూడటం

మ్యూజియం బాగుందా అని అడిగితే అందరూ బాగుందంటారు. దానితో ఏమీ తెలియదు. నేను రెండు పరీక్షలు పెడతాను.

మొదటిది తిరుగు బస్సులోనే. చిన్న కాగితం మీద ఒక వస్తువు, దాని వెనుక ఉన్న అధికారం, దానికి ఆధారం రాయాలి. “సాలార్‌జంగ్ చాలా పెద్ద మ్యూజియం, ప్రభుత్వం నడుపుతుంది” అన్నది సరిపోని జవాబు. ఏ ప్రభుత్వమో లేదు, ఆధారం లేదు. “కేంద్రానిది, ఎందుకంటే పార్లమెంటు చట్టం చేసింది, బోర్డు మీద సంస్కృతి మంత్రిత్వ శాఖ అని ఉంది” అన్నది సరైనది. ప్రభుత్వం అన్న మాట ఒంటరిగా కనబడిన ప్రతి చోటా ఎర్ర సిరాతో ‘ఏది?’ అని రాసి తిరిగి ఇవ్వండి.

రెండోది పదిహేను రోజుల తర్వాత, మ్యూజియం పేరే ఎత్తకుండా. రైల్వే స్టేషన్, పోలీస్ స్టేషన్, మన బడి, పంచాయతీ వీధిదీపం — వీటిలో ఏది ఎవరి బాధ్యతో చెప్పమనండి. రైల్వేలు కేంద్ర జాబితా, పోలీసు రాష్ట్ర జాబితా. విద్య 1976లో 42వ సవరణతో రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మారింది. వీధిదీపాలు స్థానిక సంస్థల పని. సగం మందైనా కారణంతో చెప్పగలిగితే మీ పర్యటన ఫలించింది. మ్యూజియం గురించి మాత్రమే చెప్పగలిగి ఇక్కడ తడబడితే, లోపం పర్యటన తర్వాతి పీరియడ్లలో ఉందని గ్రహించి, పోలిక పాఠం ఒకటి మళ్లీ చెప్పండి.

తరచూ జరిగే ఇంకొక తప్పు: చార్మినార్, గోల్కొండ వంటి కట్టడాలనూ మ్యూజియాలనూ ఒకే గాటన కట్టడం. ఆ కట్టడాలు పురావస్తు సర్వేక్షణ సంస్థ రక్షణలో ఉన్న జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలు, అంటే 67వ అంశం. సాలార్‌జంగ్ 62వ అంశం. రెండూ కేంద్రానివే అయినా దారులు వేరు.

బస్సు పెట్టుకోలేని బడికి

డబ్బు లేదని ఆగిపోనక్కరలేదు. పిల్లల ఇళ్లలోని పాత పట్టాదారు పాసుపుస్తకం, రద్దయిన రేషన్ కార్డు, పాత నాణేలు, ఓటరు చీటీ తెప్పించి, తరగతిలో ఒక బల్ల మీద ప్రదర్శన పెట్టండి. ప్రతిదాని కింద ‘జారీ చేసినది ఎవరు, ఏ అధికారంతో’ అన్న చీటీ పిల్లలే రాయాలి. ఆధార్ నంబర్లు, సర్వే నంబర్లు కాగితంతో కప్పండి; అసలు పత్రాలను ఆ సాయంత్రమే ఇళ్లకు చేర్చండి. ఊళ్లో వీరగల్లో (వీరుడి స్మారక శిల) గుడి శాసనమో ఉంటే పంచాయతీ కార్యాలయంతో కలిపి ఒక ఉదయం నడిచి చూసి రావచ్చు.

లండన్‌లో ఉన్న తెలుగు తల్లిదండ్రులు కూడా నన్ను ఈ విషయం అడిగారు. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు ఉన్నాయి. వాటిని తిరిగి ఇవ్వాలంటే ఆ మ్యూజియం ధర్మకర్తలకు 1963లో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టం అడ్డుపడుతుంది. ప్రకాశం జిల్లా చందవరం నుంచి చోరీ అయిన బౌద్ధ శిల్పాన్ని మాత్రం ఆస్ట్రేలియా 2016లో మనకు తిరిగి ఇచ్చింది. ఒకటి రాగలిగింది, ఇంకొకటి రాలేకపోతోంది, ఎందుకు? ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒక సాయంత్రానికి ఈ ప్రశ్న సరిపోతుంది.

చివరి అడుగు: ఒక దరఖాస్తు

పనిపత్రంలోని మూడో భాగంలో పిల్లలు రాసిన ప్రశ్నల నుంచి ఒకటి ఎంచుకుని, సమాచార హక్కు చట్టం, 2005 కింద మీ పేరుతో దరఖాస్తు పంపండి. ‘ఎందుకు బాగు చేయరు’ అన్నది ఫిర్యాదు అవుతుంది. ‘గత ఏడాది తెలుగు చీటీల తయారీకి ఎంత ఖర్చయింది’ అన్నది సమాచారం అవుతుంది. ఈ తేడా పిల్లలకు రాయించి చూపండి. కేంద్ర సంస్థలకు రుసుము పది రూపాయలు. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయాలకు రుసుము లేదు, మండల స్థాయికి ఐదు రూపాయలు, ఆపైన పది. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, మరో ముప్పై రోజుల్లోపు అదే సంస్థలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు చేయవచ్చు. పంపిన తేదీ, గడువు తేదీ తరగతి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. జవాబు వచ్చిన కవరును పారేయవద్దు. తర్వాతి ఏడాది మొదటి పీరియడ్‌లో నేను చూపించే వస్తువు అదే.